ముప్పాతిక మిల్లీమీటరు

2021 జూలై 30, టోక్యో. ఒలింపిక్స్ మహిళల ఆర్చరీ క్వార్టర్ ఫైనల్లో కొరియా అమ్మాయి ఆన్ సాన్ మన దీపికా కుమారిని 6-0తో ఓడించింది. ఆ అంకె వింటే చిత్తుగా ఓడిందనే అనుకుంటాం. సెట్లవారీగా విడదీస్తే కథ మారుతుంది: 30-27, 26-24, 26-24. మొదటి సెట్‌లో సాన్ మూడు బాణాలకు మూడు పదులు కొట్టింది. దానికి ఎవరూ చేయగలిగిందేమీ లేదు. తర్వాతి రెండు సెట్లలో ఆమె కొట్టినవి 26 చొప్పున. అదే పోటీల ర్యాంకింగ్ రౌండులో దీపిక 72 బాణాలకు 663 పాయింట్లు తెచ్చుకుంది. మూడేసి బాణాలకు సగటు కడితే 27.6. అంటే ఆ రోజు ఆమె తన మామూలు ఆట ఆడినా ఆ రెండు సెట్లూ ఆమెవే.

ఇంకో సంగతి. సుమారు నెల ముందు, జూన్ 27న, పారిస్ ప్రపంచకప్‌లో దీపిక ఒక్కరోజే మూడు స్వర్ణాలు గెలిచింది. వ్యక్తిగత ఫైనల్లో ఆమె 6-0తో ఓడించింది రష్యాకు చెందిన యెలీనా ఒసిపోవాని. టోక్యోలో ఫైనల్ దాకా వెళ్లి, ఆన్ సాన్‌ని ఆఖరి ఒక్క బాణం వరకూ లాక్కెళ్లింది ఆ ఒసిపోవాయే.

ఇలాంటి చోట ‘ఒత్తిడికి తట్టుకోలేకపోయింది’ అని తేల్చేయడం మనకు అలవాటు. అది తప్పని కాదు, కానీ దానివల్ల మనకు తెలిసేది సున్నా. ఒత్తిడి శరీరంలో ఎక్కడికి దిగుతుంది? ఏ కండరాన్ని పట్టుకుంటుంది? ఏళ్ల తరబడి చేసిన సాధన దాన్ని ఎంతవరకు ఆపగలదు? వీటికి జవాబు చెప్పాలంటే ముందు విల్లు ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎక్కుపెట్టే మనిషి ఎలా తయారవుతుందో చూడాలి. ఆ తయారీ చాలావరకు జరిగింది టాటానగర్‌లో.

టాటాకు చేరిన అమ్మాయి

ఉత్తరాంధ్రలో టాటానగర్ పేరు వినని ఊరు అరుదు. ఉక్కు కర్మాగారంలో పనికని, రైల్వేలో పనికని తరాల కిందట వెళ్లినవాళ్ల కుటుంబాలు బిష్టుపూర్, కదమా, సాక్చి పేటల్లో ఇప్పటికీ ఉన్నాయి. బిష్టుపూర్‌లో రామమందిరం కూడా కట్టుకున్నారు. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టినప్పుడు, అప్పటిదాకా కాళీమాటిగా ఉన్న స్టేషను టాటానగర్ అయింది. ఉక్కుకు పేరుపడ్డ ఈ ఊళ్లోని జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో 1996లో టాటా స్టీల్ ఆర్చరీ అకాడమీ పెట్టింది. హాస్టల్, తిండి, చదువు, విల్లు, బాణాలు అన్నీ అకాడమీవే. పిల్లలు చేయాల్సింది సాధన.

చోటు ఎంపికలో అర్థముంది. చుట్టూ సంతాల్, హో, ముండా పల్లెలు. వేటలోనూ పండగలోనూ విల్లు వాళ్ల చేతిలో ఉండేదే. పక్కనే ఉన్న సరాయికెలా ఛౌ నృత్యానికి పునాది ‘పరిఖండా’ అనే కత్తి-డాలు సాధన. యుద్ధవిద్యలు ఆటలుగా, నాట్యాలుగా మారి బతికిన నేల అది.

దీపిక పుట్టింది 1994 జూన్ 13న, రాంచీ దగ్గర రాతూ చట్టిలో. తండ్రి శివనారాయణ్ మహతో ఆటో నడిపేవాడు, తల్లి గీత నర్సు. పిల్ల రాళ్లు విసిరి మామిడికాయలు రాలగొట్టేది. ఆ గురి చూసి ఇంట్లో ఎవరూ పెద్ద కలలు కనలేదు. వెదురుతో విల్లు, బాణాలు చేసుకుంది. పెదనాన్న, చిన్నాన్న పిల్లల వరసలో విద్యాకుమారి అనే అక్క అప్పటికే టాటా అకాడమీలో విలువిద్య నేర్చుకుంటోంది. అలా దారి ఒకటుందని తెలిసింది. 2005లో ఖర్సావాఁలో జార్ఖండ్ నేత అర్జున్ ముండా భార్య మీరా ముండా నడిపే అర్జున్ ఆర్చరీ అకాడమీకి వెళితే, పిల్ల మరీ బక్కగా ఉంది, విల్లు మోయలేదని ముందు వద్దన్నారు. మూడు నెలలు గడువివ్వండి, చేతకాకపోతే పంపించేయండి అని అడిగి చేరింది. తను వెళ్లిపోతే ఇంట్లో ఒక కంచం ఖర్చు తగ్గుతుందన్న లెక్క కూడా ఆ పట్టుదలలో ఉందని తర్వాత తనే చెప్పుకుంది. అక్కడ స్నానాల గదులు లేవు, ఏటికి వెళ్లేవాళ్లు. రాత్రిళ్లు అడవి ఏనుగులు వచ్చేవి. మరుసటి ఏడు, 2006లో, టాటా ఆర్చరీ అకాడమీలో చోటు దొరికింది. అక్కడే మొదటిసారి అసలు పోటీ విల్లు, ఒంటికి యూనిఫారం, నెలకు 500 రూపాయల స్టైపెండు.

మూడేళ్లు తిరిగేసరికి, 2009లో, అమెరికాలోని ఆగ్డెన్‌లో ఆమె ప్రపంచ కేడెట్ చాంపియన్. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో రెండు స్వర్ణాలు. 2012లో పద్దెనిమిదేళ్ల వయసులో ప్రపంచ నంబర్ వన్.

అకాడమీలో ఆమెను తీర్చిదిద్దినవాళ్లలో ముఖ్యులు పూర్ణిమా మహతో, ధర్మేంద్ర తివారీ. పూర్ణిమ జంషెడ్‌పూర్ ఆడపిల్లే. తనూ విలుకత్తెగా మొదలై కోచ్ అయింది. ఆమెకు 2013లో ద్రోణాచార్య పురస్కారం, 2024లో పద్మశ్రీ వచ్చాయి. ఇలాంటి చోట గొప్పగా చెప్పుకోవాల్సింది ‘పుట్టుకతో వచ్చిన గురి’ గురించి కాదు. మామిడికాయలు రాలగొట్టే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పన్నెండేళ్ల వయసులో ఒకే కదలికను వేలసార్లు, ఎదురుగా నిలబడి తప్పు దిద్దే కోచ్ ముందు, ఆకలి భయం లేకుండా చేయగలిగిన పిల్లలు కొందరే.

డెబ్బై మీటర్ల లెక్క

ఒలింపిక్ ఆర్చరీలో గురి బోర్డు 70 మీటర్ల దూరంలో ఉంటుంది. బోర్డు అడ్డుకొలత 122 సెంటీమీటర్లు. దాని నడుమ పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లు, అంటే చిన్న పూరీ అంత. విల్లు పట్టిన చోటి నుంచి ఆ పూరీ ఎంత కోణంలో కనిపిస్తుందో కడితే, డిగ్రీలో పదో వంతు.

ఈ కోణాన్ని చేతి దగ్గరికి తెచ్చి చూద్దాం. కంటికీ, విల్లుకు ముందు బిగించిన సైట్ గింజకూ మధ్య దూరం సుమారు 85 నుంచి 90 సెంటీమీటర్లు. బాణం పది వలయం నడిబొడ్డు నుంచి అంచు దాకా జారాలంటే ఆ సైట్ గింజ ఎంత పక్కకి తప్పుకోవాలి? ముప్పాతిక మిల్లీమీటరు. అంతకు మించితే తొమ్మిది. ఇరవై కిలోల బరువును మూడువేళ్లతో గడ్డం కిందకి లాగి పట్టుకుని ఆ ముప్పాతిక మిల్లీమీటరు లోపల నిలబడాలి, అదీ వరసగా 72 సార్లు. 2016 ఏప్రిల్‌లో షాంఘై ప్రపంచకప్‌లో దీపిక 720కి 686 కొట్టి అప్పటి ప్రపంచ రికార్డును సమం చేసింది. బాణానికి సగటున 9.53.

పైగా బాణం సరళరేఖలో పోదు. ఒలింపిక్స్‌లో వీళ్లు వాడే రికర్వ్ విల్లు నుంచి బయల్దేరే బాణం వేగం సెకనుకు 55 నుంచి 60 మీటర్లు, గంటకు రెండు వందల కిలోమీటర్ల చిల్లర. బోర్డును చేరడానికి దానికి సెకనుంబావు పడుతుంది. ఆ సెకనుంబావులో భూమ్యాకర్షణ దాన్ని ఏడున్నర, ఎనిమిది మీటర్ల కిందికి లాగుతుంది. కాబట్టి విలుకాడు గురిచూసేది పసుపు వలయాన్నే అయినా, సైట్‌ను కిందికి దించి అమర్చడం వల్ల బాణం మొన ఆకాశం వైపే చూస్తూ ఉంటుంది. గాలి ఉంటే ఆ సెకనుంబావు సేపూ పక్కకి తోస్తూనే ఉంటుంది. ఒక మోస్తరు పక్కగాలి చాలు, పది అనుకున్నది ఎనిమిదవుతుంది. అందుకే గాలి రోజున నేర్పరులు నడిబొడ్డును వదిలి గాలి వచ్చే వైపుకి గురి జరుపుతారు. ఎంత జరపాలన్నది మైదానంలో జెండా చెబుతుంది, ముందు వేసిన బాణం చెబుతుంది. ఆ నిర్ణయానికి ఉన్న సమయం ఎలిమినేషన్ రౌండులో బాణానికి 20 సెకన్లు.

గాలి ఒక్కరి మీదే వీయదు. టోక్యో క్వార్టర్ ఫైనల్లో ఇద్దరి అంకెలూ పడిపోయాయని గమనించండి: సాన్ 30 నుంచి 26కి, దీపిక 27 నుంచి 24కి. 2012లో లండన్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా వెళ్లిన దీపిక, లార్డ్స్ క్రికెట్ మైదానపు గాలిలో మొదటి రౌండులోనే బ్రిటన్ అమ్మాయి ఎమీ ఆలివర్ చేతిలో ఓడింది. ఆ మైదానంలో గాలి ఏ మూల ఎలా వీస్తుందో తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ ఉన్న తేడా అంకెల్లో కనిపిస్తుంది.

వంగే బాణం, లాగే వీపు

బాణం నిటారుగా దూసుకుపోతుందని మన ఊహ. 1930లలో అమెరికా భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ లాంటివాళ్లు వేగవంతమైన కెమెరాలతో ఫొటోలు తీసి చూస్తే, విల్లును వదిలే క్షణంలో బాణం పాములా మెలికలు తిరుగుతోంది. అల్లెతాడు వేళ్లమీంచి దొర్లేటప్పుడు కాస్త పక్కకి జరుగుతుంది, ఆ తోపుకి బాణం నడుము వంగుతుంది, వంగి విల్లుకర్రను తప్పించుకుని, అటూ ఇటూ ఊగుతూ పోయి కాసేపటికి సర్దుకుంటుంది. బాణం మరీ బిరుసైనా, మరీ మెత్తనైనా ఈ లయ తప్పుతుంది. అందుకే విలుకాడి బలానికి, చేతి పొడవుకి సరిపడే బిరుసున్న బాణాలను ఏరి పెట్టుకుంటారు. వేరొకరి బాణం అప్పుతీసుకుని పదులు కొట్టడం కథల్లోనే కుదురుతుంది.

లాగే చేతిలో పనిచేసేది చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు. ఒలింపిక్ పద్ధతిలో బొటనవేలితో తాడు లాగరు. ద్రోణుడు ఏకలవ్యుణ్ణి బొటనవేలు అడిగింది ఆ కాలపు పట్టు ఎరిగే. ఈ కాలంలో అడిగితే ఏకలవ్యుడు బొటనవేలు ఇచ్చేసి కూడా జాతీయ జట్టులో ఉండేవాడు.

వేళ్లు కొక్కేలు మాత్రమే. బరువు మోసేది వీపు. తాడు గడ్డం దాకా వచ్చాక, రెండు రెక్కల ఎముకలూ వెన్నెముక వైపు దగ్గరకు జరుగుతూ ఉండాలి. ఆ పని రాంబాయిడ్, ట్రెపీజియస్ అనే వీపు కండరాలది. కొత్తవాళ్లు జబ్బ కండరాలతో లాగుతారు. అవి చిన్నవి, త్వరగా అలుస్తాయి, అలిసిన కండరం వణుకుతుంది. ఆరోగ్యవంతుడి చేయి కూడా సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు సన్నగా వణుకుతూనే ఉంటుంది. శిక్షణ ఆ వణుకును పూర్తిగా పోగొట్టదు, బరువును పెద్ద కండరాలకు, ఎముకల వరసకు అప్పగించి వణుకు సైట్ దాకా పాకకుండా చూస్తుంది.

అందుకే విలువిద్య శిక్షణలో ఎక్కువ భాగం చూసేవాళ్లకు విసుగు పుట్టిస్తుంది. అయిదారడుగుల దూరంలో గురిబొమ్మ లేని దిమ్మ పెట్టి, కళ్లు మూసుకుని బాణాలు వేయిస్తారు. చూడటానికి ఏమీ లేకపోతే ధ్యాసంతా వీపు మీదికి పోతుంది. బాణం లేకుండా విల్లు లాగి అర నిమిషం పట్టుకోమంటారు, దింపమంటారు, మళ్లీ లాగమంటారు. రబ్బరు పట్టీతో అద్దం ముందు అదే కదలిక. 44 పౌండ్ల విల్లు అంటే దాదాపు 20 కిలోలు. రోజుకు మూడు వందల బాణాలు వేస్తే ఆ అమ్మాయి వీపు ఆ రోజు ఆరు టన్నులు లాగినట్టు. భుజం కీలు అరుగుదల, గాయాలు ఈ విద్యలో మామూలు సంగతులు. ఒంటి కుడి, ఎడమ పక్కల కండరాలు సమంగా పెరగవు, వాటిని సరిదిద్దడానికి మళ్లీ వేరే వ్యాయామాలు.

విజయవాడ నుంచి వచ్చిన వెన్నం జ్యోతి సురేఖ ఆడే కాంపౌండ్ విల్లు వేరు. దాని కొసల్లోని కప్పీలు పూర్తిగా లాగాక బరువులో చాలా భాగాన్ని తామే మోస్తాయి, వదలడానికి ట్రిగ్గరు ఉంటుంది, బోర్డు 50 మీటర్లలో. అక్కడ స్కోర్లు దాదాపు నిండుకుండలు. ఒక్క తొమ్మిది పడినా మ్యాచ్ పోవచ్చు. రికర్వ్‌లో ఆ కప్పీల సాయం లేదు, లాగిన బరువంతా వదిలేదాకా ఒంటిమీదే.

టిక్కుమనే రేకు

రికర్వ్ విల్లు మీద ‘క్లిక్కర్’ అనే సన్నని లోహపు రేకు ఉంటుంది. బాణాన్ని దాని కిందనుంచి లాగుతారు. బాణం మొన ఆ రేకును దాటగానే అది టిక్కుమని విల్లుకు తగులుతుంది. ప్రతిసారీ సరిగ్గా ఒకే పొడవు లాగామనడానికి అది గుర్తు. ఆ చప్పుడు వినగానే వదిలేయాలి. ఆలోచించకూడదు, ఆలోచిస్తే ఆలస్యమే.

ఇక్కడే నేర్పరికీ కొత్తవాడికీ ఉన్న అసలు తేడా బయటపడుతుంది. టర్కీలో హైరి ఎర్తాన్ బృందం 2003లో విలుకాళ్ల ముంజేతి కండరాల విద్యుత్ సంకేతాలను కొలిచింది. క్లిక్కర్ పడగానే నేర్పరులు వేళ్లు ముడిచే కండరాలను సడలించి, చాచే కండరాలను పనిలోకి దింపుతారు. అదీ చాలా తక్కువ సమయంలో. అనుభవం లేనివాళ్లలో ఆ పని ఆలస్యంగా మొదలవుతుంది. వదలడం అంటే మనకు ఒక్క పని. ముంజేతికి అది రెండు జట్ల కండరాల మధ్య సెకనులో అయిదో వంతైనా పట్టని చేతిమార్పిడి. దాన్ని మాటల్లో చెప్పి నేర్పలేం. వేలసార్లు చేస్తే శరీరం నేర్చుకుంటుంది.

ఈ రేకు కొందరి పాలిట శత్రువు కూడా అవుతుంది. ‘ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది’ అని ఎదురుచూడటం మొదలైతే కొందరు చప్పుడుకి ముందే వదిలేస్తారు, కొందరు ఆఖరి రెండు మిల్లీమీటర్లు లాగడం చేతకాక బిగుసుకుపోతారు. పేరున్నవాళ్లు కూడా నెలల తరబడి ఈ జబ్బుతో అవస్థ పడ్డ సందర్భాలున్నాయి. దీనికి మందు మళ్లీ గురిబొమ్మ లేని దిమ్మే.

గుండె, కన్ను, మాట

గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం ఒక్క ఉదుటున బయల్దేరి ఒళ్లంతా సన్నగా కదుపుతుంది. ముప్పాతిక మిల్లీమీటరు లెక్కలో అది తక్కువేం కాదు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి ఊపిరి బిగబట్టి, రొమ్ముకు చుట్టిన ఇనుప గొలుసులు తెంపేవాడు. విలుకాడికి కూడా ఊపిరే ఆధారం, కానీ వాడకం తలకిందులు: సగం వదిలి, ఛాతీ నిశ్చలమైనప్పుడు గురి నిలుపుతాడు. నేర్పరుల్లో బాణం వదలడానికి ముందు కొద్ది క్షణాలపాటు గుండె వేగం తగ్గుతుంది. అమెరికాలో డేనియల్ లాండర్స్ బృందం 1994లో ప్రచురించిన పరిశోధనలో, అప్పుడే విల్లు పట్టినవాళ్లకు కొన్ని వారాల శిక్షణ ఇచ్చి చూస్తే, స్కోరు మెరుగుపడటంతోపాటు గుండె అలా నెమ్మదించడం కూడా మొదలైంది. మెదడు ఎడమ సగంలో ఆల్ఫా తరంగాలు పెరిగాయి. భాషకు సంబంధించిన పనులు ఎక్కువగా చూసే సగం అది. లోపలి మాటల గోల తగ్గిందని దాన్ని అర్థం చేసుకుంటారు.

టోక్యోలో విలుకాళ్ల గుండె వేగాన్ని కెమెరాలతో కొలిచి టీవీ తెరమీద చూపించారు. ఫైనల్లో ఆఖరి ఒక్క బాణం దగ్గర ఆన్ సాన్ గుండె నిమిషానికి 120 దాటలేదు. ఎదుట ఉన్న ఒసిపోవాది 160 పైనే. సాన్ పది కొట్టింది, ఒసిపోవా ఎనిమిది. అయితే గుండె నిదానంగా ఉన్నవాళ్లే గెలుస్తారని దీన్నిబట్టి సూత్రం కట్టకూడదు. ఒత్తిడిలో దీపిక చేయి నిలవదనీ అనుకోకూడదు. అదే ఒలింపిక్స్‌లో ఆమె కూడా ప్రీక్వార్టర్స్‌లో రష్యా సీనియర్ క్సేనియా పెరోవాతో ఒక్క బాణం తేల్చే షూటాఫ్ దాకా వెళ్లి, పది కొట్టి గెలిచింది. పెద్ద క్షణంలో చేయి నిలవని మనిషి కొట్టే బాణం కాదది.

కన్ను సంగతి. కెనడా శాస్త్రవేత్త జోన్ వికర్స్ 1990లలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల చూపును కొలిచి, నేర్పరుల చూపు బంతి వేయకముందే లక్ష్యం మీద వాలి, కదలకుండా ఎక్కువసేపు నిలుస్తుందని కనిపెట్టింది. తర్వాత చాలా ఆటల్లో అదే తేలింది. అర్జునుడికి పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనిపించలేదన్న కథకు ఇది శాస్త్రం మద్దతే. కథ చెప్పనిది ఒకటుంది: చూపు లక్ష్యం మీద ఉన్నంతసేపూ వీపు లాగుతూనే ఉండాలి. పిట్ట కన్నును చూస్తూ వీపు ఆపేసినవాడి క్లిక్కర్ ఎప్పటికీ పడదు.

ఇప్పుడు ఒత్తిడి దగ్గరికి. మనస్తత్వ శాస్త్రవేత్త సియాన్ బైలాక్ గోల్ఫ్ మీద చేసిన ప్రయోగాల్లో ఒక విచిత్రం బయటపడింది. నేర్పరులను తమ కదలికను అంచెలంచెలుగా గమనించుకుంటూ కొట్టమంటే, మామూలుకన్నా అధ్వానంగా కొట్టారు. కొత్తవాళ్లకు ఆ గమనింపు సాయపడింది. సాధన అంటే ఒక పనిని మాటల చేతుల్లోంచి తీసి శరీరానికి అప్పగించడం. భయం పుట్టగానే మనసు ఆ పనిని మళ్లీ తన చేతుల్లోకి లాక్కుంటుంది: మోచేయి సరిగా ఉందా, వదిలేటప్పుడు వేళ్లు ఏం చేస్తున్నాయి, ఇప్పుడు తొమ్మిది పడితే ఏమవుతుంది. ఎర్తాన్ కొలిచిన ఆ చేతిమార్పిడిలో పదుల మిల్లీసెకన్ల ఆలస్యం చేరితే చాలు, బాణం పసుపులోంచి ఎరుపులోకి జారవచ్చు. ఒత్తిడి దిగే చోటు ఇదే. పిరికితనానికి దీంతో సంబంధం లేదు.

కొరియా దీన్ని ఎలా ఎదుర్కొంటుందో చూడండి. ఒలింపిక్స్‌కు ముందు తమ విలుకాళ్లను బేస్‌బాల్ స్టేడియంలో నిలబెట్టి, జనం కేకల మధ్య బాణాలు వేయిస్తుంది. మనసు జోక్యం చేసుకోవాలనిపించే పరిస్థితినే ముందుగా తెచ్చి, దానికీ శరీరాన్ని అలవాటు చేస్తుంది.

భర్త, బిడ్డ, మళ్లీ విల్లు

దీపిక 2020 జూన్ 30న రాంచీలో అతాను దాస్‌ను పెళ్లిచేసుకుంది. కోల్‌కతా కుర్రాడు, అతనూ టాటా అకాడమీలో తయారైనవాడే, అతనూ ఒలింపియనే. ఇంట్లోనూ మైదానంలోనూ ఒకరి ఆట ఒకరికి కొట్టిన పిండి. 2021 పారిస్ ప్రపంచకప్‌లో మిక్స్‌డ్ స్వర్ణం ఇద్దరూ కలిసి గెలిచిందే. నెల తిరక్కుండా టోక్యోలో ర్యాంకింగ్ రౌండు స్కోరు ప్రకారం మిక్స్‌డ్ జోడీ చోటు అతానుకు బదులు ప్రవీణ్ జాదవ్‌కు వెళ్లింది. జాదవ్‌కు 656, అతానుకు 653. మూడు పాయింట్లతో భార్యాభర్తల జోడీ విడిపోయింది. ఆ కొత్త జోడీ కొరియా చేతిలో ఓడింది.

2022 డిసెంబరులో ఆడపిల్ల పుట్టింది. ప్రసవం తర్వాత విల్లు పట్టడమంటే మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టడమే. గర్భంలో కీళ్ల బంధనాలు వదులవుతాయి, పొట్ట కండరాలు సాగుతాయి, నిద్ర చెదురుతుంది. నిలకడంతా నడుము మీద ఆధారపడ్డ ఆటలో పునాది కదిలినట్టే. తక్కువ బరువు విల్లుతో మొదలెట్టి మెల్లగా పెంచుకుంటూ రావాలి. దీపిక 2024 ఫిబ్రవరిలో బాగ్దాద్ ఆసియా కప్‌లో స్వర్ణం, ఏప్రిల్‌లో షాంఘై ప్రపంచకప్‌లో రజతం గెలిచింది. పారిస్‌లో తన నాలుగో ఒలింపిక్స్‌లో మళ్లీ క్వార్టర్ ఫైనల్ చేరి, కొరియాకు చెందిన నామ్ సుహ్యోన్ మీద 4-2 ఆధిక్యంలో ఉండి 4-6తో ఓడింది. ఆ ఏడాదే ప్రపంచకప్ ఫైనల్స్‌లో రజతం. ఆ పోటీలో ఆమెకు అది ఐదో రజతం.

ఒకరి లెక్క, అందరి లెక్క

నాలుగు ఒలింపిక్స్, పతకం సున్నా. దీన్ని ఆమె స్వభావం మీద రుద్దే ముందు ఒక లెక్క చేద్దాం. ప్రపంచంలోని మొదటి పదిమందిలో ఉన్న విలుకత్తెకు ఒక ఒలింపిక్స్‌లో పతకం వచ్చే అవకాశం ఐదింట ఒకటి అనుకుందాం. ఊహే, కానీ ఉదారమైన ఊహ. వరసగా నాలుగుసార్లు పతకం రాకపోయే సంభావ్యత 0.8ని నాలుగుసార్లు హెచ్చవేస్తే వస్తుంది: 41 శాతం. అంటే ఏ లోపమూ లేని మనిషికి కూడా ఇలా జరగడం దాదాపు బొమ్మా బొరుసా. లండన్ నుంచి అమల్లో ఉన్న సెట్ల పద్ధతిలో మూడేసి బాణాలకే జాతకం తేలుతుంది. సగటులో గొప్పవాళ్ల ఆధిక్యం అక్కడ కరిగిపోతుంది.

అదే స్థాయి విలుకత్తెలు ఒక్కొక్క ఒలింపిక్స్‌లో ముగ్గురేసి ఉంటే నాలుగుసార్లలో పన్నెండు ప్రయత్నాలు. అప్పుడు ఒక్క పతకమూ రాకపోయే అవకాశం ఏడు శాతం. కొరియా బలం ఇదే. టోక్యోలో మూడు స్వర్ణాలు గెలిచిన ఆన్ సాన్, పారిస్‌కు తమ దేశపు ఎంపిక పోటీల్లోనే నెగ్గలేకపోయింది. అయినా 1988 నుంచి మహిళల జట్టు స్వర్ణం కొరియా చేజారలేదు. ఒక చేయి ఆ రోజు వణికినా పక్కన ఇంకో చేయి ఉంటుంది.

మన సంగతి చూస్తే, టోక్యోకు మహిళల ఆర్చరీలో వెళ్లింది దీపిక ఒక్కతే. దీపిక, అంకితా భకత్, కోమలికా బారి, ముగ్గురూ టాటా అకాడమీవాళ్లే, 2021 జూన్‌లో పారిస్‌లో ఒలింపిక్ అర్హత పోటీలో కొలంబియా చేతిలో ఓడారు. వారం తిరిగేసరికి అదే ఊళ్లో అదే ముగ్గురు ప్రపంచకప్ స్వర్ణం గెలిచారు. ఈ రెండు ఫలితాల మధ్య వాళ్ల నైపుణ్యం మారలేదు. ఆ తర్వాత 2024 పారిస్‌లో ఆర్చరీలో మనవాళ్లు చేరిన అత్యున్నత స్థానం నాలుగు. అది తెచ్చింది అంకిత, విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్‌ల మిక్స్‌డ్ జోడీ. ఒకరు టాటానగర్‌లో సానపట్టిన చేయి, ఇంకొకరు కృష్ణ ఒడ్డున మొదలైన చేయి.

కాబట్టి ప్రతి నాలుగేళ్లకూ ‘దీపికకు ఏమైంది?’ అని అడగడం మానేసి, బాణాలు వేసే గీత మీద ఆమె పక్కన ఎంతమందిని నిలబెట్టామని అడగాలి. వేళ్లు వదిలే క్రమం, వీపు పట్టు, గుండె నిదానం, వీటిని ఎలా తయారుచేయాలో తెలుసని టాటా అకాడమీ ఇప్పటికే రుజువుచేసింది. బక్కపిల్లకు మూడు నెలల గడువు, 500 రూపాయలు, ఒక హాస్టల్ మంచం ఇస్తే ఏమవుతుందో చూశాం. అలాంటి మంచాలు దేశంలో ఎన్ని ఊళ్లలో వేస్తే ఆ 41 శాతం అంత కిందికి దిగుతుంది.